రెండో జాబితా

చెల్లెలు కుర్చీతో సహా పక్కకి ఒరిగిపోయేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. పళ్ళు గిట్టకరుచుకున్నాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. పక్క కుర్చీలో ఉన్న అక్క ఒక్క ఉదుటున లేచి, బల్లకోడు ఆమె తలకు తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. తెరమీద ఆటలోని తుఫాను సన్నివేశం ఇంకా నడుస్తూనే ఉంది. తెల్లటి మెరుపులు రెప్పపాటుకోసారి ఆ గదిలోని ముఖాలన్నిటి మీదా పడుతున్నాయి.

"ఎవరైనా ఆ తెర ఆపండర్రా!" అని అరిచింది అక్క.

వీడియో గేములు దేశదేశాల్లో అమ్మకానికి వెళ్ళేముందు వాటిలో తప్పులు పట్టే కంపెనీ అది. ఆటలోని మనిషిని రోజుకి తొమ్మిది గంటలు గోడలకేసి నడిపించి, ఎక్కడైనా దూరిపోతున్నాడేమో చూడటం అక్క పని. అందుకే అందరూ ఆమెను గోడలక్క అంటారు. "గోడకి తల బాదుకుంటే జీతమిచ్చే చోటు ఇదొక్కటే" అని తనే నవ్వేది. ఒక్కో ఆట ఖరీదు ఆమెకు పదకొండు రోజుల జీతం. ఆరేళ్ళుగా తప్పులు పడుతున్నా, ఆమె ఇంట్లో ఒక్క ఆటా లేదు.

ఆ మెరుపులకే ఫిట్స్ వచ్చాయనీ, ఇక తెరముందు కూర్చునే పని వద్దనీ డాక్టరు చెప్పాడు. మర్నాడే చెల్లెలి పేరు హాజరు పట్టీలోంచి పోయింది.

ఆ మెరుపులు ఆటలో లోపమని అక్క రిపోర్టు రాసింది. ఏ నిమిషంలో, సెకనుకెన్ని మెరుపులు, చూసిన మనిషికేమైంది, అన్నీ రాసింది. ఇన్నేళ్ళలో ఏ లోపమూ ఆమె అంత శ్రద్ధగా రాయలేదు.

నాలుగో రోజు సూపర్‌వైజరు పిలిచాడు. అతని వెనక గోడమీద పెద్ద పటం ఉంది. ఏ దేశంలో ఏటా ఎంత అమ్మకమో చూపే గీతలు, ఎత్తు నుంచి పొట్టికి. చిట్టచివర వెంట్రుకంత గీత, కింద 'ఇతరులు' అని. వీళ్ళ దేశం అందులో ఎక్కడో ఉంది.

"మంచి మాటేనమ్మా. మెరుపులు తగ్గిస్తున్నారట" అన్నాడు.

"అమ్మయ్య!"

"మొదటి జాబితా దేశాలకి."

అక్కకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "మరి మనకండీ?"

"మనం రెండో జాబితా. ఇక్కడికొచ్చేది పాత ఫోన్లలో ఆడే చౌకరకం. దాన్ని విడిగా మార్చాలి. అంత అమ్మకం మన దగ్గర లేదంటున్నారు. అక్కడైతే చట్టాలున్నాయి, కేసులు పడతాయి."

"తలకాయలు అందరివీ ఒకటే కదండీ!"

"నన్నేం చెయ్యమంటావమ్మా? ఆ సన్నగీతలో నేనూ నీ పక్కనే ఉన్నాను." అతను గొంతు తగ్గించాడు. "నీ రిపోర్టు తెరిచే ఉంది, అది మూస్తేగానీ ఇక్కడి ఆట అమ్మకానికి వెళ్ళదు. 'పరవాలేదు' అని ఒక్క నొక్కు నొక్కెయ్యి. రాసిన మనిషే మూసేస్తే పైవాళ్ళు మళ్ళీ అడగరు."

ఇప్పుడు ఇంట్లో ఒక్క జీతమే. చెల్లెలి మందులు నెలకు సరిపడా కొనాలి.

"నేను నొక్కనండి."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఆమెకే అనిపించింది.

"నువ్వు నొక్కకపోతే ఆగిపోతుందనుకుంటున్నావా?"

"అనుకోవట్లేదండి."

అతను వెనక వరసలోని ఆవిణ్ని కేకేశాడు. ఆ రోజు చెల్లెలి నోటి నురుగు తన చున్నీతో తుడిచింది ఆవిడే. సంగతి విని తల వంచుకుంది. "నాకు ఇద్దరు పిల్లలక్కా" అంది, అక్క ఏమీ అడగకుండానే. నొక్కింది. తెరమీద రిపోర్టు పక్కనున్న ఎర్రగుర్తు పచ్చగా మారింది.

అక్క తన చోటికొచ్చి కూర్చుంది. అప్పటికే తర్వాతి పని వచ్చి ఉంది. ఆటలో ఏదో సముద్రం, ఒడ్డున పడవ, పడవ పక్కన ఒక మనిషి. ఆమె చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. తెర మూలన, పని ఆగిన సమయం లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు నిమిషాలు.

"అక్కా, జీతం కోసేస్తారు. ఆ మనిషిని కదుపు" అని వెనకనుంచి ఎవరో గుసగుసగా అన్నారు.

ఆమె తల తిప్పలేదు. చుట్టూ మీటల చప్పుడు ఎప్పటిలాగే సాగుతోంది. తెరమీది మనిషి ఒడ్డున నిలబడి ఊపిరి పీలుస్తున్నాడు, వదులుతున్నాడు.