కొక్కెం లేని కంటె

మా తోటికోడలి మెడకు ఆ కంటె బిగించింది నేనే. కావాలనే బిగించాను.

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ వెండి తీగతో నగలు అల్లేది నేను, మా షాపులో వాటి మీద తన పేరు పెట్టుకునేది ఆవిడ. లెక్కల పుస్తకాల్లోని వంపులు చూసి నేను తీగ వంచుతుంటే, "ఈ పిచ్చి మెలికలు ఎవరు కొంటారే?" అని మూతి తిప్పేది. జనం ఎగబడ్డాక అవే ఆవిడ 'సృష్టి' అయ్యాయి. సొమ్మొకడిది, సోకొకడిది. ఒళ్లు మండదూ!

ఈసారి ఒకే వైపున్న పట్టీని ఎంచుకున్నాను. కాగితం పట్టీని ఒక్క మెలి తిప్పి చివరలు అతికిస్తే లోపల, బయట అన్న తేడా పోతుంది. తీగతో అదే అల్లాను. నగల ప్రదర్శన రోజు పొద్దున ఆవిడ మెడ మీదే చివరలు కలిపేసి, తీగ కొస అల్లికలో దాచేశాను.

"కొక్కెం ఏదే?"

"కొక్కెం పెడితే అందం చెడుతుందక్కా. మీరు కదలకండి."

సాయంత్రం హాలు నిండింది. ఆవిడ వేదికెక్కి మైకు పట్టుకుని, "ఇందులో ప్రతి మెలికా నా చేతులతో అల్లిందే" అంది. చప్పట్లు మోగాయి. ముందు వరుసలోంచి మ్యూజియం అధికారిణి లేచి, "ఇది మాకు కావాలండీ. ఒకసారి తీసి ఇస్తారా?" అంది.

ఆవిడ మెడ వెనక తడిమింది. కొస లోపలి వైపు దొరుకుతుందేమోనని వేళ్లు దూర్చింది. దానికి లోపలి వైపే లేదాయె! మొహం కందగడ్డయింది.

"కత్తిరించేద్దామా?" అన్నారెవరో.

"అయ్యో, తెంపితే ఇంకేముంది? అల్లినవాళ్లకు విప్పడం తెలియదా?" అంది అధికారిణి. హాల్లో నవ్వులు.

మా తోటికోడలు దిక్కులు చూసి, జనంలో నన్ను వెతికి పట్టుకుంది. "చెల్లీ, ఒకసారి ఇటు రావే."

వెళ్లాను. చెవిలో గొణిగింది. "పరువు తీయకే, నీకు పుణ్యముంటుంది. విప్పు."

"ఎవరు అల్లారో చెప్పండి. విప్పుతాను."

మైకు పక్కకు తిప్పి, "మా చెల్లి అల్లింది" అంది, తనకే వినపడనట్టు.

మైకు లాక్కుని ఆవిడ నోటి దగ్గర పెట్టాను. "వెనక వరుసకు వినపడలేదక్కా."

మళ్లీ చెప్పింది. ఈసారి అందరికీ వినపడింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. జాలి పడదామనుకున్నాను గానీ, అబద్ధమెందుకు, కడుపు నిండినట్టయింది.

మైకు మాత్రం తీయలేదు.

"ఇదొక్కటేనా అక్కా, అన్నీనా?"