కొవ్వొత్తి వెలుగులో ఏరిన పసుపు

కందిలి మూడోసారి ఆరిపోయేసరికి దాన్ని తీసుకెళ్లి బండకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది రత్నవ్వకు.

"దానికి చలి పెడుతున్నట్టున్నది అవ్వా, దుప్పటి కప్పు," అంది పక్కనుంచి మంగ. మంగకు ఇరవై ఏళ్లు. చేతులకంటే ముందు నోరు పనిచేస్తుంది.

"నీ నోట్ల మన్నువడ! జర గమ్మునుండు పొల్లా."

ఆర్మూరు దాటి రెండు కిలోమీటర్లు పోతే తుకారాం పటేలు పసుపు కళ్లం. ఉడికించిన కొమ్ములు ఎండబోసి పదహారు రోజులైంది. అన్నాళ్లుగా పటేలు భార్య ముత్తవ్వ, కూలికి వచ్చిన రత్నవ్వ, మంగ అక్కడే గుడారం వేసుకుని కావలి ఉంటున్నారు. మొన్న గాలివానకు కరెంటు స్తంభాలు కూలాయి. ఒక మూల మీద కప్పిన పట్టా ఎగిరిపోయి పసుపు తడిసింది. రెండు రోజుల ఎండకు మళ్లీ గలగలలాడేలా ఎండింది కానీ, తడిసిన కొమ్ముల మీద నల్లమచ్చలు నిలిచిపోయాయి. వాటిని ఏరి పక్కన పెట్టకపోతే మార్కెట్లో రాశి మొత్తం తడిసిన సరుకు కిందే పోతుంది.

ఎల్లుండి కదా బండి, రేపంతా ఏరుకోవచ్చు అనుకున్నారు. ఐదింటికి తుకారాం పట్నం నుంచి ఫోన్ చేశాడు. మళ్లీ వాన ఉందట, బండి రేపు పొద్దున ఆరింటికే వస్తుందట, బస్తాలు కుట్టి ఉంచమన్నాడు. ఆ ఒక్క ఫోనుకు ముత్తవ్వ సెల్లులో చార్జింగు అయిపోయింది. చార్జింగు లైటు నిన్ననే కన్ను మూసింది.

"గిప్పుడు ఎట్లైతది రత్నవ్వా? ఇంకో గంటైతే చెయ్యి కనపడది," అంది ముత్తవ్వ. "నవీపేట కూలోళ్ల గుంపును తెస్తనని పటేలు ఎప్పటిసంది అంటుండు. గీ రాశి ఆగిందనుకో, వచ్చే ఏడు నిన్ను పిలిచేటందుకు నాకు నోరుండది."

ముత్తవ్వ పిలవడం, రత్నవ్వ రావడం ఇరవై ఆరేళ్ల మాట. ఎవరైనా బయటికి పోను చెప్పులు వేసుకుంటున్నా ఇక తిరిగి రారేమోనని ఆమెకు భయం. చెల్లెలు పెళ్లై నాందేడు బండి ఎక్కినప్పుడూ అంతే. భర్త యాకోబు సాయంత్రానికి వస్తానని దవాఖానకు పోయి రాకుండా పోయాక ఇంకా ఎక్కువైంది. ఇక ముత్తవ్వను కూడా పోగొట్టుకోవాలా?

"నేను ఏరిపిస్త అక్కా! కందిలి పెట్టుకొని కళ్లం కాడ మనం ఎన్ని రాత్రులు చెయ్యలే?" అనేసింది.

అన్నంత సులువుగా కందిలి వెలగలేదు. గ్యాసునూనె సీసా సగముండాలి, అడుగున వేలెడు కూడా లేదు. తన కొడుకు సుకుమార్ దానితో బండి చైను కడుక్కున్నాడని రత్నవ్వకు అప్పుడు గుర్తొచ్చింది. రేషన్ షాపులో కిరసనాయిలు ఇవ్వడం మానేసి ఎన్నేళ్లయిందో, ఆ సీసాను ఆమె తీర్థంలా దాచుకుంది. వాడు చైనుకు పోశాడు! వాణ్ని తిట్టుకుంటూ వంటనూనె పోసింది. వత్తి భగ్గున వెలిగింది, లేచింది, అంతలోనే కుంగి పొగై పోయింది. మళ్లీ వెలిగించింది. మళ్లీ అంతే.

"గుళ్లె దీపం నూనెతోని మండుతలేదా? నీదెందుకు మండది?" అంది ముత్తవ్వ.

"గా దీపంల వత్తి నూనెలనే పండుకుంటది అక్కా. గిండ్ల నూనె జానెడు మీదికెక్కాలె. వంటనూనె చిక్కన, ఎక్కది."

"మరి ఎర్కుండి ఎందుకు పోసినవ్?"

"పోసినంక ఎర్కైంది!"

ఇక మిగిలింది క్రిస్మస్‌కు చర్చిలో పంచగా సంచిలో మిగిలిన కొవ్వొత్తుల పొట్లం. మొదటిదాన్ని గాలి రెండుసార్లు ఆర్పేసింది. రత్నవ్వ పళ్లు నూరుతూ ఖాళీ నూనె డబ్బాలు మూడు తెచ్చి, ఒక్కోదానికి ఒక పక్క రేకు కత్తితో కోసి కిటికీలా తెరిచింది. లోపల కొవ్వొత్తి నిలబెట్టింది. గోనె సంచులకు దూరంగా రాళ్ల మీద పెట్టి, పక్కన బకెట్టుతో నీళ్లు పెట్టించింది. డబ్బా లోపలి మెరుపు తగిలి వెలుగు ఒక్క వైపే చాపలా పరుచుకుంది. గాలి డబ్బా వీపు మీద కొట్టుకుని పోయింది.

"అబ్బ! సినిమా సెట్టింగు లెక్కున్నది," అంది మంగ.

ముగ్గురూ కూర్చుని అర్ధరాత్రి దాకా ఏరారు. పదకొండు బస్తాలు నిండాయి. పది కుట్టారు, పదకొండోది తెల్లారి కుట్టుకోవచ్చని వదిలేశారు. నల్లవి ఒక్క గంపే తేలాయి. తడిసింది ఇంతేనా, దేవుడే కాపాడాడు అనుకుని రత్నవ్వ చాలాకాలానికి కంటినిండా నిద్రపోయింది.

తెల్లవారుజామున మూతి కుట్టని బస్తా పక్కన చిందిన కొమ్ములు ఏరబోయి ఆగింది. ఆకాశం అప్పుడే తెల్లబడుతోంది. చేతిలో ఆరు కొమ్ములుంటే రెండు నల్లమచ్చలవి. బస్తాలో చెయ్యి పెట్టి దోసెడు తీసింది. అందులోనూ ఉన్నాయి. ఇంకా లోపలికి చెయ్యి దూర్చింది. అక్కడా ఉన్నాయి.

కొవ్వొత్తి వెలుగే పచ్చన. దాని కింద నల్లదీ బంగారంలాగే కనిపించింది. అప్పుడు తట్టింది ఆమెకు. ఎన్ని రాత్రులు చెయ్యలేదు అని గొప్పగా అంది, చేసింది కావలి. వంట చేసుకున్నారు, పాముల్ని చూసుకున్నారు. కందిలి పెట్టి పసుపు ఏరింది ఒక్కనాడూ లేదు. ఏరడం ఎప్పుడూ పొద్దు పొడిచాకే.

ఆరు కావడానికి ఇంకా కాస్త టైముంది. నోరు మూసుకుంటే బస్తాలు బండెక్కుతాయి. మార్కెట్లో మూతి విప్పినప్పుడు తుకారాం తలదించుకుంటాడు, ఇంటికొచ్చి ముత్తవ్వ మీద పడతాడు. చెబితే ఇప్పుడే, ఇక్కడే, తన మీద పడతారు. రత్నవ్వ కొడవలి తీసుకుని మొదటి బస్తా కుట్టు పరపరా కోసి, పసుపంతా పట్టా మీద గుమ్మరించింది.

ముత్తవ్వ గుడారంలోంచి జుట్టు ముడేసుకుంటూ పరుగున వచ్చింది. "ఏం జేస్తున్నవే? పిచ్చి లేసిందా నీకు?"

"చూడక్కా. నువ్వే చూడు. రాత్రి నాకు కండ్లు లేకపాయె."

ముత్తవ్వ వంగి చూసింది. మంగ కూడా దోసెడు తీసి వెలుగుకు తిప్పి చూసింది.

బండి వచ్చింది. తుకారాం దిగి, రాశిని చూసి, సంగతి విని రత్నవ్వను ఒక్క మాట అనలేదు. అదే ఆమెను ఎక్కువ కాల్చింది. "మూమ్‌బత్తి పెట్టి పసుపు ఏరుతరా ఎవలన్న? నీ మనుషుల తెలివి గిదేనా?" అని ముత్తవ్వ మీద అరిచాడు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి, కిరాయి ఎట్లాగని గొణిగి, ఖాళీ బండి తిప్పుకుని పోయాడు. తుకారాం మరో బండి చూసుకుంటానని దాంట్లోనే ఎక్కి పోయాడు.

రోజంతా ఏరారు. మధ్యాహ్నం ముత్తవ్వ చాయ గ్లాసు చేతికివ్వకుండా రత్నవ్వ పక్కన నేల మీద టక్కున పెట్టి పోయింది. పొద్దు వాలేసరికి ఆరు బస్తాలు తేలాయి, ఐదు మిగిలాయి. రత్నవ్వ లేచి, దుప్పటి చుట్టి సంచిలో కుక్కుకుంది.

"యాడికి?" అంది ముత్తవ్వ.

"నువ్వు పొమ్మనకముందే పోత. గీసారి నేనే ముందల పోత. పొద్దుగాలసంది నోరు మూసుకొని కూసున్నవ్. రావొద్దంటే రావొద్దని చెప్పరాదా అక్కా? నాకు పానం గుంజుకపోతున్నది!"

"గా ఐదు బస్తాలు నీ మూమ్‌బత్తీలు ఏరుతయా? పెట్టు గా సంచి."

"మరి వచ్చే ఏడు?"

"వచ్చే ఏడు పసుపు పెడ్తమో మక్కలు పెడ్తమో నాకేమెర్క? గీ ఏటి పనే ఒడ్వలే, వచ్చే ఏడంట!"

అవుననదు, కాదనదు. ఈ మనిషితో ఇరవై ఆరేళ్లుగా ఇదే బాధ. రత్నవ్వ సంచి భుజానే ఉంచుకుని నిలబడింది. పడమట మబ్బు ఉరిమింది. మంగ పట్టా ఒక కొస లాగుతూ అరిచింది, "అవ్వా, అలిగేది తర్వాత అలుగుదువు గని, ముందు గీ పట్టా పట్టు!"

రత్నవ్వ సంచి గుడారంలోకి విసిరేసి పరుగెత్తింది. పట్టా కొస దొరకబుచ్చుకుంది. ఎదుటి కొస ముత్తవ్వ చేతిలో ఉంది.

"గట్టిగ గుంజక్కా! నడుమ నీళ్లు నిలుస్తయి," అని కసిరింది.

ముత్తవ్వ గుంజింది.