ఒకటి నుంచి ముప్ఫై దాకా

నేల మీద తెల్ల టేపుతో ఎనభై గడులు గీశారు. ఒక్కో గడిలో ఒక్కో నంబరు. ఒకటో గడి వేదికకి ఎంత దగ్గరంటే, అక్కడ నిలబడినవాళ్ళకి పాటతో పాటు గాయని చెమట కూడా చిలకరించినట్టు తగులుతుంది. ఆ ఒకటో గడీ, దాని వెనకున్న ఇరవై తొమ్మిదీ బోసిగా ఉన్నాయి. జనం ముప్ఫై ఒకటి నుంచి మొదలుపెట్టి, ఒకరి బూటు కొస ఇంకొకరి గడిలోకి వెళ్ళకుండా, బుద్ధిగా నిలబడి ఉన్నారు.

వాళ్ళ బుద్ధి చూడలేక కురామోచి హత్సుయే చేతిసంచీని చంకలోకి నొక్కుకుంది. ఆ ముప్ఫై గడుల తాలూకు కార్డులూ ఆవిడ చేతిసంచీలోనే ఉన్నాయి, పొద్దున తినబుద్ధి కాక వదిలేసిన అన్నంముద్ద పక్కన, రబ్బరు బ్యాండు వేసుకుని.

హత్సుయే గాయని అసగి రిహోకి పద్నాలుగేళ్ళుగా మేనేజరు. పందొమ్మిదేళ్ళ వయసులో వచ్చి ఆవిడ చేతిలో పడిన రిహోకి ఇప్పుడు ముప్ఫై మూడు. అయిదో ఆల్బం ‘ఉప్పునీటి దీపాలు’ రేపు బుధవారం విడుదల. పేరుకే రేపు, డిస్కుల పెట్టెలు షాపులకి మంగళవారమే వచ్చేస్తాయి, అభిమానులు మంగళవారమే కొనేస్తారు, బుధవారానికి మిగిలేది తేదీ ఒక్కటే. అందుకే ఈ తకాసకి ఊరి మాల్‌లో, రికార్డుల షాపు ముందున్న ఖాళీ జాగాలో, ఈరోజు మధ్యాహ్నం రెండింటికి రిహో మూడు పాటలు పాడాలి. రెండు డాన్సువి, ఒకటి నెమ్మదిది.

ఆల్బంలో ఉన్నవి ఏడు డాన్సు పాటలూ, అయిదు నెమ్మది పాటలూ. ఆ ఏడూ కంపెనీ కోసం, ఈ అయిదూ రిహో కోసం. ఆ అయిదింటిని నిలబెట్టడానికి హత్సుయే ఎన్ని సమావేశాల్లో ఎన్నిసార్లు నడుం వంచిందో, ఆవిడ నడుముకే తెలుసు.

పోయిన వారం కంపెనీలో పెద్దాయన తొకుమారు ఆవిడని పిలిచి, టీ ఇచ్చి మరీ చెప్పాడు. టీ ఇచ్చాడంటేనే కబురు మంచిది కాదని అర్థం.

“అంకెలు నాకు ఆఫీసులోనే వస్తాయి కురామోచి గారూ. జనం ఎలా నిలబడతారో మాత్రం కళ్ళారా చూడాలి. మంగళవారం తకాసకి వస్తాను. చూసి, ఆరో ఆల్బం ఉందో లేదో అక్కడే చెప్పేస్తాను. ఇంకోటి, ఆ నెమ్మది పాటలు... అవి మొదలవగానే జనానికి ఇంట్లో ఆరేసిన బట్టలు గుర్తొస్తాయి. నేను చాలామందిని చూశాను.”

ఆ టీ తాగి వచ్చిన రోజే హత్సుయే షాపుకి ఫోన్ చేసింది. ఆల్బం కాపీలు ముందస్తుగా ఎంతమంది రాయించుకున్నారని అడిగితే, షాపు మేనేజరు ఉషిజిమా చాలా మర్యాదగా, “ఇప్పుడిప్పుడే మొదలవుతున్నాయండీ,” అన్నాడు. అంటే ఒక్కటి కూడా లేదన్నమాట. ఆ రాత్రి ఆవిడకి నిద్ర పట్టలేదు. తెల్లారి లేచి ముప్ఫై పేర్లతో ముప్ఫై కాపీలు రాయించింది. వాళ్ళమ్మ పేరు, చెల్లెలి పేరు, పళ్ళ డాక్టరు పేరు, చిన్నప్పటి లెక్కల మాస్టారి పేరు. ఆదివారం మూడు విడతలుగా వెళ్ళి, టోపీలు మార్చి, కాపీకొకటి చొప్పున ఇచ్చే నంబరు కార్డులు తెచ్చుకుంది. పుప్పొడికి ఊరంతా తుమ్మే కాలం కదా, మాస్కు వేసుకున్న మనిషిని ఎవరూ వింతగా చూడరు.

ఆవిడ అనుకున్నది ఒకటే. నలుగురూ రాయించుకున్నారని తెలిస్తే షాపువాళ్ళకి హుషారొస్తుంది, బోర్డు పెద్దదిగా పెడతారు. కార్డు మీది నంబరుకి నేల మీద ఒక గడి ఉంటుందనీ, ఆ గడి ఆ మనిషిదే అవుతుందనీ ఆవిడకి తట్టలేదు. పద్నాలుగేళ్ళలో ఇలాంటి గడులు కొన్ని వేలు గీయించిన మనిషికి!

ఇప్పుడు ఒంటిగంటా నలభై. అసలు అభిమానులు నలభై ఒక్కమంది వచ్చారు, వర్షంలో తడిసి మరీ. ముప్ఫై ఒకటో గడిలో సెకినే ఉన్నాడు. రిటైరైన బస్సు డ్రైవరు, రిహో మొదటి పాట నుంచీ ప్రతి సభకీ వస్తాడు.

హత్సుయే ఆయన దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించింది. “సెకినే గారూ, ముందుకి జరగొచ్చుగా. ఖాళీగానే ఉందిగా.”

సెకినే ఆవిడని చెయ్యరాని పని చెయ్యమన్నట్టు చూశాడు. “అయ్యో, అదెట్లా కుదురుతుందండీ! మాకంటే ముందు రాయించుకున్నవాళ్ళు. ముప్ఫైమంది కలిసి ఏ బస్సులోనో వస్తుంటారు. వర్షం కదా, రోడ్డు మీద ఇరుక్కుని ఉంటారు పాపం.”

“రాకపోతే?”

“వస్తారండీ. ఒకటో నంబరు తీసుకున్న మనిషి రాకుండా ఉంటాడా?”

హత్సుయే చేతిసంచీని చంకలోకి ఇంకాస్త నొక్కుకుంది. సూపర్ మార్కెట్ వైపు పరిగెత్తి, ఉల్లికాడలు కొనుక్కొస్తున్న ఒకావిడని ఆపి, మూడో నంబరు కార్డు చేతిలో పెట్టబోయింది. “పది నిమిషాలు నిలబడతారా? పాటలు ఊరికే వినొచ్చు.”

“ఇది ఎవరిదండీ?”

“ఎవరిదీ కాదు.”

“నంబరుందిగా. నంబరున్నది ఎవరిదో ఒకరిది అయ్యుంటుంది,” అని ఆవిడ వంగి నమస్కరించి, ఆ కార్డుని అటూ ఇటూ చూసి, పోయిన వస్తువులు దాచే కౌంటర్ ఎటువైపో కూడా చూపించి వెళ్ళిపోయింది. తరవాత ఆపిన ఇద్దరూ కూడా అంతే. మూడో మనిషి అయితే కౌంటర్ దాకా తోడొస్తానన్నాడు.

తిరిగొచ్చేసరికి తొకుమారు వచ్చేసి ఉన్నాడు. ఎస్కలేటర్ పక్కన, మడిచిన గొడుగు కర్రలా పట్టుకుని, ఆ ముప్ఫై ఖాళీ గడులకేసి చూస్తున్నాడు.

“ఇదేంటి కురామోచి గారూ, పళ్ళు రాలిన నోరులా ఉంది.”

“వస్తున్నారండీ. బస్సు... వర్షం...” సెకినే మాట అరువు తెచ్చుకున్నందుకు ఆవిడకి చెవులు వేడెక్కాయి.

తెర వెనక రిహో వెండిరంగు డ్రెస్సు మీద శాలువా కప్పుకుని, వేడినీళ్ళు గుక్కగుక్కగా తాగుతోంది. “ఎంతమంది వచ్చారు?”

“బాగానే వచ్చారు.”

“మీరు ‘బాగానే’ అంటే నాకు భయం. ‘పర్వాలేదు’ అంటే ధైర్యంగా ఉంటుంది.”

“పర్వాలేదు.”

“ఇప్పుడు నేనడిగాక అన్నారు. ముందు వరస నిండిందా? ఆఖరి పాట నేను ఎవరో ఒకరి కళ్ళలోకి చూసి పాడాలి. గోడకి పాడలేను.”

అంతలో బయట మైకు గుర్రుమంది. ఉషిజిమా గొంతు.

“అందరికీ క్షమాపణలు. ఇంకా రానివారిని నిబంధన ప్రకారం ఒక్కొక్కరినీ మూడేసిసార్లు పిలుస్తాం. పలకకపోతే ఆ గడి రద్దవుతుంది. ఒకటో నంబరు గారూ! ఒకటో నంబరు గారు ఉన్నారా?”

ముప్ఫైమందిని, మూడేసిసార్లు. హత్సుయే మనసులో గుణించుకుంది. తొంభై పిలుపులు. తొంభై నిశ్శబ్దాలు. తొకుమారు ఒక్కోటీ వింటాడు. తెర ఇవతల రిహో ఒక్కోటీ వింటుంది. ఆఖరిది అయ్యేసరికి ఆ పిల్ల గొంతులో పాట కాదు కదా, ఉమ్మి కూడా మిగలదు.

“ఒకటో నంబరు గారూ, రెండోసారి పిలుస్తున్నాం!”

రిహో శాలువా అంచుని వేలికి చుట్టుకుంటోంది. “రాలేదా?” అంది మెల్లిగా.

“ఒకటో నంబరు గారూ, మూడోసారి...”

“ఉన్నాను!”

తన గొంతే అని హత్సుయేకి అర్థమయ్యేసరికి ఆవిడ తెర బయట ఉంది. నలభై ఒక్కమంది తలలు తిప్పారు. ఆవిడ ఒకటో గడిలోకి వెళ్ళి, అక్కడ నిలబడి, రబ్బరు బ్యాండు తీసింది.

“రెండూ నేనే. మూడూ నేనే. ముప్ఫై దాకా నేనే. ఎవరూ రాయించుకోవడం లేదని భయపడి నేనే రాయించాను. వర్షంలో వచ్చిన మిమ్మల్ని వెనక్కి నెట్టింది నేను. క్షమించండి.” నడుం ఎంత వంగుతుందో అంతా వంచింది. నేల మీద ‘1’ అంకె ముక్కుకి తగిలేంత దగ్గరగా కనిపించింది.

మాల్ స్పీకర్లలో చేపల దుకాణం ప్రకటన మొదలైంది.

ఉషిజిమా మైకు పక్కకి పెట్టి దగ్గరికొచ్చాడు. “నాకు తెలుసండీ. మూడు టోపీలూ గుర్తున్నాయి. రెండోది మీకు నప్పలేదు.”

“తెలిస్తే మరి చెప్పలేదేం?”

“అడిగితే మీరు ఇబ్బంది పడతారుగా.” ఆయన నిబంధనల కాగితం విప్పాడు. “ఒక మనిషికి ఒక గడి. మిగతా ఇరవై తొమ్మిదీ వదులుకుంటున్నానని నోటితో చెప్పండి, వెనకవాళ్ళు వరసగా జరుగుతారు.”

“వదులుకుంటున్నాను. ఒకటోది కూడా. నేను తెర వెనక ఉండాలి.”

“ఒకటోది కుదరదండీ. పిలిస్తే పలికారుగా. మీరే నిలబడాలి.”

నలభై ఒక్కమంది ముందుకి జరగడానికి ఏడు నిమిషాలు పట్టింది. ఒక్కొక్కరూ ఆవిడ వెనకగా వెళుతూ, ‘ముందుకొస్తున్నాం, ఏమీ అనుకోకండి’ అని ఆవిడకే క్షమాపణ చెప్పుకున్నారు. ఆవిడకి ఇంతకంటే తిడితే బాగుండుననిపించింది. రెండో గడిలోకి వచ్చిన సెకినే పాటకి ఊపడానికి తెచ్చుకున్న లేతనీలం లైటు కర్రల్లో ఒకటి ఇచ్చాడు. “ముందు వరసలో వట్టి చేతులు బాగోవు. మొదటి పాటలో మనం వెయ్యాల్సిన కేకలు తెలుసుగా?”

“వినడమే కానీ...”

“నన్ను చూసి వెయ్యండి. అంత కష్టమేం కాదు, మా ఆవిడకే వచ్చేసింది.”

తొకుమారు ఎస్కలేటర్ దగ్గర ఎలా నిలబడ్డవాడు అలాగే ఉన్నాడు. ఆయన ముఖం వైపు చూసే ధైర్యం హత్సుయేకి లేదు. ముప్ఫై అమ్మకాలు ఉత్తుత్తివని కంపెనీ మనిషే అందరి ముందూ ఒప్పుకుంది. ఆయన నిర్ణయానికి అంతకంటే ఏం కావాలి?

పాట మొదలైంది. రిహో వెండిరంగులో దూకుతూ వచ్చి, ఒకటో గడిలో మేనేజరుని చూసి, అరక్షణం అడుగు తప్పబోయి నిలదొక్కుకుంది. రెండు డాన్సు పాటలకీ జనం ఎగిరారు, కేకలు వేశారు. హత్సుయే కూడా వేసింది, ప్రతిసారీ ఒక ముక్క ఆలస్యంగా. వచ్చేపోయేవాళ్ళు సంచులతో ఆగుతున్న చప్పుడు వెనక వినిపించింది. అంతవరకూ ఆవిడకి భయం లేదు. డాన్సు పాటకి ఎవరైనా ఆగుతారు.

లైట్లు తగ్గాయి. నెమ్మది పాట. నీలం కర్రలన్నీ కిందికి దిగాయి. ఈ పాటలకి కదలకూడదు, దగ్గకూడదు. ముందు వరసలో ఉన్న మనిషి పాట మధ్యలో తల వెనక్కి తిప్పడమంటే గాయని ముఖం మీద తలుపు వేసినట్టే.

అందుకని హత్సుయే తిప్పలేదు. వెనక ఉన్నది వింటున్న నిశ్శబ్దమో, వెళ్ళిపోయిన నిశ్శబ్దమో తెలియలేదు. ఏదో తోపుడుబండి చక్రం కిర్రుమంది. ఎవరో చిన్నపిల్ల ఏదో అడిగింది, ఎవరో దాని నోరు మూశారు. తరవాత అడుగుల చప్పుడు, దూరంగా జరుగుతున్నవి. ఒకళ్ళవా? పదిమందివా? ఇంట్లో బట్టలు ఆరేసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? వీపు మీద చెమట జారుతుంటే ఆవిడ రిహో కళ్ళని పట్టుకుంది.

జనం వెళ్ళిపోతుంటే రిహో తన కాళ్ళ దగ్గరున్న స్పీకరు పెట్టెని చూస్తూ పాడుతుంది. పద్నాలుగేళ్ళుగా పక్కనుంచి చూసి కనిపెట్టిన సంగతి ఇది. ఇప్పుడా కళ్ళు పెట్టె మీద లేవు. మొదట హత్సుయే మీద ఆగాయి. ఆ తరవాత సెకినే మీదికి, ఆ పక్కకి, ఆ వెనకకి, ఎడమ నుంచి కుడికి, మళ్ళీ పై వరసకి, పుస్తకం చదువుతున్నట్టు తీరిగ్గా కదిలాయి. చదవడానికి ఇంకా వరసలు ఉన్నట్టే ఉన్నాయి. అవి చివరికి మొదటి అంతస్తు కటకటాల దాకా వెళ్ళాయి.

పాట అయిపోయాక ఒక ఊపిరంత సేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాక ఆపలేదు.

జనం రిహోతో కరచాలనం కోసం వరస కడుతుండగా తొకుమారు వచ్చి, గొడుగు కొసతో ఒకటో గడి అంచుని తట్టాడు.

“ముప్ఫై కొట్టేస్తే నలభై ఒకటి.”

“అవునండీ.”

“నేను అనుకున్నదానికంటే తక్కువ.” ఆయన పై అంతస్తు కటకటాల వైపు చూశాడు. అక్కడ ఇంకా ఇద్దరు ముగ్గురు కదలకుండా ఉన్నారు. “ఉల్లికాడలు పట్టుకున్న ఒకావిడ నా పక్కనే పాటంతా నిలబడింది. ఆ సంచీలో చేపలున్నాయి, వాసనొచ్చింది. అయినా కదల్లేదు.”

హత్సుయే లైటు కర్రని రెండు చేతులా పట్టుకుంది. ఏదైనా అంటే చెడుతుందని భయం.

“ఆరోది వచ్చే ఏడాది వసంతానికి. పది పాటలు. అప్పుడు మాత్రం మీరు ఏ షాపు ఛాయలకీ వెళ్ళకూడదు.” అనేసి, ఆయన ఎస్కలేటర్ ఎక్కాడు.

ఆవిడ తెర వెనక్కి ఎలా వెళ్ళిందో ఆవిడకే తెలియదు. కరచాలనాల మధ్య నీళ్ళకోసం వచ్చిన రిహో గ్లాసు పట్టుకుని, ఆవిడ ముఖంలోకి చూసింది.

“ఏమన్నారు?”

“ఉంది. పది పాటలు.”

రిహో గ్లాసు కింద పెట్టేసింది. కళ్ళు తుడుచుకుని, నవ్వి, వెంటనే అడిగింది. “అందులో నెమ్మదివి ఎన్ని?”

హత్సుయే అది అడగలేదు. పద్నాలుగేళ్ళ అనుభవం ఉండి, అడగవలసిన ఒకే ఒక్క మాట అడగలేదు.

లైటు కర్ర ఇంకా చేతిలోనే వెలుగుతుండగా, ఆవిడ జనాన్ని తోసుకోకుండా, ప్రతి ఒక్కరికీ క్షమించండి అంటూ, ఎస్కలేటర్ వైపు పరిగెత్తింది.