బయటి గొళ్లెం

జమ్మికుంట దారిలో, మా ఊరి మొదట్లో మా మరిది విగ్రహం నిలబెట్టారు. సరిహద్దులో కాపలా కాస్తుండగా మంచు చరియ విరిగి మీద పడి చనిపోయాడు. సంవత్సరీకం నాడే ముసుగు తీశారు. దిమ్మె మీద ‘అమరజవాను మోహన్’ అని చెక్కి ఉంది.

మా అత్తమ్మ లస్మవ్వ పెట్టిన పేరు మాత్రం మొండయ్య. మా ఆయన తర్వాత ఇద్దరు పురిట్లోనే పోతే, వీడైనా మొండికేసి నిలవాలని అలా పెట్టింది. మిలిటరీకి పోయే ముందు సిగ్గుపడి మోహన్ అని మార్చుకున్నాడు. శవం వచ్చిన పెట్టెను మిలిటరీవాళ్లు తెరవనివ్వలేదు.

“పోయింది మోహను. నా మొండిగాడు కాదు” అన్నది అత్తమ్మ ఆనాడే.

అప్పటినుంచి దీపాల వేళకు మా గేటు గొళ్లెం మోగుతుంది, గాలి లేకున్నా. కుక్క లేచి తోక ఊపుతుంది. వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు. అత్తమ్మ చెంబుతో నీళ్లు గడపలో పెడుతుంది. గొళ్లెం వేయనివ్వదు. బతికున్నప్పుడు సెలవైపోతే, తల్లి ఏడుస్తూ బస్సు దాకా వస్తుందని, బయట గొళ్లెం పెట్టి పోయేవాడు.

సంవత్సరీకం నాడు ముసుగు తీశాక, విగ్రహం ముందు విస్తరిలో అన్నం, మటన్ కూర పెట్టాం. కాకులు కరెంటు తీగ మీద వరుసగా కూర్చున్నాయి. ఒక్కటీ అరవలేదు, దిగలేదు. కూర మీద ఈగ కూడా వాలలేదు.

“మోహనూ, అవ్వను మంచిగ అరుసుకుంటం. ముట్టు బిడ్డా” అన్నాడు సర్పంచ్ సిద్దిరాములు.

“ఫౌజు పిట్ట. రమ్ము లేంది దిగుతదా?” అన్నాడు కొమురెల్లి. ఎవరూ నవ్వలేదు.

సిద్దిరాములు అత్తమ్మ వైపు తిరిగాడు. “లస్మవ్వా, ఇంట్ల పిలిచే పేరుతోని నువ్వొక్కసారి పిలువరాదు.”

“పిలిస్తె పోతడు” అన్నది.

అంతదాకా తల వంచుకుని ఉన్న మా ఆయన అన్నాడు: “రోజు గేటు కాడికే వచ్చి పోతుండు గదనే అవ్వా. ఏడాదాయె. ఏమన్న తిన్నడా వాడు?”

అత్తమ్మ విగ్రహం బూట్ల వంక చాలాసేపు చూసింది. ఆ తర్వాత, పొద్దుగూకినా ఇంటికి రాని పిల్లవాణ్ణి కేకేసినట్టు పిలిచింది.

“మొండీ... బువ్వ సల్లారుతుంది, రారా!”

తీగ మీది నుంచి ఒక్క కాకి దిగింది. నిదానంగా తిన్నది. మిగతావి చప్పుడు లేకుండా లేచిపోయాయి.

ఆ సాయంత్రం గొళ్లెం మోగలేదు. కుక్క లేవలేదు. అత్తమ్మ చెంబు పట్టుకుని గడపలోనే కూర్చుంది. బాగా చీకటి పడ్డాక అన్నది, “జమునా, జర గేటు చూసి రా బిడ్డ.”

వెళ్లి గుంజాను. రాలేదు. చువ్వల సందులోంచి చెయ్యి పెట్టి తడిమాను. బయట గొళ్లెం పెట్టి ఉంది. మేం ముగ్గురం లోపలే ఉన్నాం.

వచ్చి చెప్పాను. అత్తమ్మ చెంబెత్తి, ఆ నీళ్లు తనే తాగింది.

“బస్సు దొరికి ఉంటది తియ్యి” అన్నది.