నాలుగో తాటాకు

చదివేవారు మన్నించాలి. నలభై మూడో ఏట అక్షరం పట్టినదాన్ని. ఒత్తు ఒకచోట పెట్టబోతే మరోచోట పడుతుంది. ఒక పుట నింపడానికి నాకు రెండు పూటలు కావాలి. పైగా ఇది నా సంగతే. "నేను" అని రాయబోతే చెయ్యి సాగడం లేదు. అందుకని సూరమ్మ అనే మనిషి కథగా చెబుతాను.

సూరమ్మ పెనిమిటి వీరాస్వామి వేణుగోపాలస్వామి గుడిలో సన్నాయి వాయించేవాడు. గుడి మాన్యం మీదే ఆ ఇంటి తిండి. కల్యాణంలో తలంబ్రాల వేళ వాయించే కీర్తన ఒకటి ఆ వంశానికి ఉంది. ఏడాదికి ఒక్కసారే వినిపించాలి, బయటివాళ్ల చేతిలో పడకూడదు. సాధనకు కూడా వీరాస్వామి గోదావరి లంకలోకి పోయేవాడు. తమ్ముడు అబ్బులు అత్తవారి ఊరి మేళంలో ఉండేవాడు. ఏడేళ్లుగా వచ్చినప్పుడల్లా నేర్పమని అడిగితే, "వచ్చే ఏడు చూద్దాంలేరా" అనేవాడు వీరాస్వామి. వచ్చే ఏడు రాకముందే జ్వరం వచ్చి ఆయన పోయాడు.

ఏడాది తిరిగింది. "కీర్తన మీకు రాకపోతే చెప్పండి, పెనుగొండ మేళాన్ని పిలిపిస్తాం. మాన్యమూ వాళ్లకే పోతుంది" అని ధర్మకర్త కబురంపాడు. కల్యాణం ఇరవై రోజుల్లో ఉంది.

చూరులో వేలాడుతున్న తాటాకుల కట్ట దించారు. ఆ కీర్తన స్వరాలు వీరాస్వామి గంటంతో రాసిపెట్టుకున్న ఐదు ఆకులు. కబురు విని వచ్చిన అబ్బులు కళ్లు చికిలించి చూశాడు.

"నాకిది చీమలబారులా ఉంది వదినా. ఊదమంటే ఊదుతాను గానీ చదవడం నావల్ల కాదు."

బయటివాళ్లకు చూపించకూడదు. ఇంట్లో చదువు వచ్చినవాళ్లు లేరు. ఆ మధ్యాహ్నమంతా సూరమ్మ గుమ్మంలోకీ పెరట్లోకీ తిరిగింది. పొయ్యి మీద అన్నం మాడింది. సాయంత్రానికి బల్లకట్టు మీద ఏరు దాటి, మిషను బడి పంతులమ్మ దేవకుమారి ఇంటి అరుగెక్కింది.

"అందరూ అ ఆలతో మొదలుపెడతారండీ. మీరేంటి, స రి గ మ ప ద ని అంటారు?"

"నాకా ఏడూ చాలండి పంతులమ్మగారూ. మిగతావి ఆయుస్సుంటే చూద్దాం."

దేవకుమారి నవ్వి ఇసుకలో వేలు పట్టి దిద్దించింది. సూరమ్మ దారిలో నడుస్తూ అరచేతిలో రాసుకునేది, బిందె ముంచుతూ నీళ్ల మీద రాసేది. రేవులో నీళ్లకొచ్చే చిట్టెమ్మ ఊరుకోలేదు.

"ఏంటే సూరమ్మా, స్వామివారి పాటకి యేసుప్రభువు పంతులమ్మ దగ్గర ఓనమాలా?"

"స్వామివారే బడి పెడితే అక్కడికే పోదును చిట్టెమ్మా."

తొమ్మిదో నాటికి మొదటి ఆకు చదివింది. "స" అంటే అబ్బులు తొడ మీద ఒక దెబ్బ వేశాడు, "సా" అని దీర్ఘం తీస్తే రెండు. నిలువు గీత వచ్చినప్పుడల్లా తాళం ఒక చుట్టు పూర్తయ్యేది. అక్షరం కింద చుక్క ఉంటే కింది స్థాయి, పైన ఉంటే పై స్థాయి అని అబ్బులు చెప్పాడు. రెండో ఆకు మధ్యలో సూరమ్మ ఒక వరుస వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. తాను పలుకుతున్నది ఏటేటా గుంపులో నిలబడి విన్నదే. ఆయన ఊపిరి తీసుకునే చోటు కూడా తెలిసింది.

నాలుగో ఆకు దగ్గర అంతా చెడింది.

"మళ్లీ చదువు వదినా."

చదివింది. అబ్బులు సన్నాయి కింద పెట్టేశాడు.

"గ మధ్యలో ఉంది, పక్కనున్న రి పైకెక్కింది, ఆ పక్కది మళ్లీ కిందికి దూకింది. ఇది పాటా, కప్ప గెంతులా? మనిషి ఊపిరికి అందేదేనా?"

"ఉన్నదే చదివాను."

"ఉన్నదే! అదే అంటున్నాను. నాకు దక్కకూడదని అన్నయ్య కావాలనే చెడరాశాడు. పెనుగొండ వాళ్లకు కబురు చెప్పేస్తాను."

"ఆయన అలాంటివాడు కాదు."

"మరి ఏడేళ్లు ఎందుకు నేర్పలేదు?"

సూరమ్మ ఆకులు కట్టగట్టి లోపల పెట్టింది. కల్యాణానికి ఇక నాలుగు రోజులే ఉన్నాయి. తెల్లారేవరకు పక్క మీద నడుం వాల్చలేదు. మాన్యం పోతే ఎక్కడికో పోయి బతకొచ్చు. తోడబుట్టినవాణ్ణి మోసం చేసినవాడని ఆయనకు పేరు మిగిలితే ఎలా బతకడం?

పొద్దెక్కాక ఆకులకు చెమ్మ పట్టిందని ఎండలో పెట్టబోయింది. నాలుగో ఆకు ఎత్తగానే ఆమె చేతి మీద సన్నని వెలుతురు చుక్కలు పడ్డాయి. ఒకటి, రెండు, ఆరు. ఆకు తిప్పి చూసింది. రి మీది చుక్కలోంచి ఎండ వస్తోంది. పక్కనున్న పా మీది చుక్క నల్లగా, రాత కనబడడానికి పూసిన మసి పట్టి అలాగే ఉంది. గంటం మొన ఆకును గుచ్చుతుంది గానీ అవతలికి పోదు. ఐదో ఆకు చూస్తే, రాత లేని అంచున, అదే వరుసలో అవే రంధ్రాలు.

పురుగు. ఆయన ఏటా రెండుసార్లు ఆకులు దించి పసుపు రాసి ఎండబెట్టేవాడు. ఆయన పోయాక ఆమె ఒక్కసారి కూడా చూరు వైపు చూడలేదు.

అబ్బులు ఊరి చివర బల్లకట్టు దగ్గర ఉన్నాడని విని పరుగెత్తింది.

"మీ అన్న రాయలేదు మరిదీ, పురుగు రాసింది. నేను చూడక రాయనిచ్చాను. తిట్టాలంటే నన్ను తిట్టు."

అబ్బులు ఆకును ఆకాశానికి ఎత్తి చాలాసేపు చూశాడు. తరువాత ఒక్కో చుక్కా వేలితో మూస్తూ, "ఇది పురుగుది. ఇది అన్నయ్యది. ఇది పురుగుది" అన్నాడు. చివరకు ఆగి, "ఇక్కడ అక్షరమే లేదు వదినా, తినేసింది" అన్నాడు.

"అక్కడ నువ్వేదనుకుంటే అది వాయించు."

కల్యాణం నాడు ముండమోసినది కాబట్టి సూరమ్మ గుళ్లోకి పోలేదు. ప్రహరీ బయట గోడకు చెయ్యి ఆనించి, అరచేతిలో అక్షరాలు రాసుకుంటూ, కాలు కుదురుగా నిలవక అటూ ఇటూ తిరిగింది. నాలుగో ఆకు వచ్చింది. ఖాళీ చోట అబ్బులు "ని" స్వరం పట్టుకుని, కొంచెం సాగదీసి, సా మీద దించాడు. ఆయన అక్కడ ఏం వాయించేవాడో ఆమెకు గుర్తు రాలేదు. లోపల ఎవరూ కీర్తన ఆపమనలేదు. పెనుగొండకు కబురు వెళ్లలేదు.

మరునాడు ఆకులన్నీ కాగితం మీద ఎక్కించింది. ఆ ఖాళీలో అబ్బులు వాయించిన "ని" రాసి, అది ఆయన రాత కాదని తెలిసేలా, మిగతా అక్షరాలకు పెట్టినట్టు పక్కన మసితో చుక్క పెట్టకుండా వదిలేసింది.

ఇట్లు, సూరమ్మ. వయస్సు యాభై ఆరు. ఇప్పుడు నరసాపురంలో, రేవుకు పోయే దారిలో కూతురి ఇంట్లో ఉంటున్నాను.