కండక్టరు కొడుక్కి స్కానింగు

కండక్టరు ఒక్కడే కొడుకుని ఎత్తుకుని ఆస్పత్రికి రావడం అదే మొదటిసారి. భార్యకు ఆ రోజే ఉద్యోగ పరీక్ష పడింది. "ఆమాత్రం నేను చూసుకోలేనా ఏం?" అని ఇంట్లో గొప్పగానే అన్నాడు గానీ, స్కానింగు గది ముందు కూర్చున్నాక చేతిలోని చీటీని పదేపదే తిప్పి చూసుకుంటున్నాడు.

పోయిన నెల పిల్లాడికి ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని తేలింది. మందులకు తగ్గింది. అయినా పిల్లల డాక్టరు అంతటితో వదల్లేదు. "ఇంత పసివాళ్లకు ఇలా వస్తే, కిడ్నీల్లో పుట్టుకతో ఏదైనా తేడా ఉందేమో చూసుకోవాలి. సూదులుండవు, నొప్పుండదు" అని స్కానింగు రాసిచ్చాడు.

గది మసకగా, చల్లగా ఉంది. స్కానింగు డాక్టరమ్మ పొట్ట మీద జెల్ రాసిందో లేదో, పిల్లాడు గోడలు అదిరేలా ఏడుపు లంకించుకున్నాడు. గిలక్కాయ ఊపినా లాభం లేకపోయింది. ఇంట్లో ఆ ఏడుపు మాన్పే ఉపాయం ఒకటుంది గానీ, డాక్టరు ముందు ఎలా? కాసేపు తటపటాయించి, సిగ్గు వదిలేసి గొంతెత్తాడు.

"రావాలి రావాలి! మార్కెట్, పెద్దాసుపత్రి, రైల్వేస్టేషన్! ముందుకు జరగాలమ్మా, లోపలంతా ఖాళీయే! రైట్ రైట్!"

పిల్లాడు టక్కున ఏడుపు ఆపి, నోరు తెరుచుకుని తండ్రినే చూశాడు.

"ఆపకండి, అలాగే కానివ్వండి" అంది డాక్టరమ్మ నవ్వాపుకుంటూ. "కుడి కిడ్నీ బాగుంది. ఎడమది... ఒక్క నిమిషం."

అతని చూపు తెర మీదికి పోయింది. అయినా బస్సు ఆపలేదు. రైల్వేస్టేషన్ దాటించి, లేని స్టాపులు కల్పించుకుంటూ పోయాడు. సరిగ్గా అప్పుడే పిల్లాడు తండ్రి చొక్కా మీదికి వెచ్చగా ఒక ధార వదిలాడు.

"అయ్యో! బ్లాడర్ నిండుగా ఉంటేనే కదా సరిగ్గా కనిపించేది!"

బయటికొచ్చి పాలు పట్టి, కాసేపు ఆగి మళ్లీ లోపలికెళ్లారు. బస్సు మళ్లీ మొదటి స్టాపు నుంచి బయల్దేరింది.

చివరికి డాక్టరమ్మ చెప్పింది: "ఎడమ కిడ్నీ రవ్వంత ఉబ్బింది, అంతే. చాలామందికి ఎదిగేకొద్దీ అదే సర్దుకుంటుంది. మూత్రం దారిలో సన్నటి ట్యూబు పెట్టి తీసే ఎక్స్‌రే ఇప్పుడు అక్కర్లేదనుకుంటా, మీ డాక్టరుగారు చూసి చెప్తారు. కొన్ని నెలలాగి మళ్లీ స్కానింగు చేద్దాం. ఈలోగా జ్వరమొస్తే మాత్రం వెంటనే తీసుకొచ్చేయండి."

తన ఉద్యోగ పరీక్ష ముగిసీ ముగియగానే భార్య ఫోను చేసింది.

"ఏమన్నారండీ?"

"బాగానే ఉందన్నారే."

"బాగానే అంటే? రెండూనా? మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?"

"ఉండు" అని ఫోను పట్టుకునే వెళ్లి డాక్టరమ్మ తలుపు తట్టాడు. ఆమె విసుక్కోకుండా అంతా మొదటినుంచీ ఫోనులో చెప్పింది.

"హమ్మయ్య" అంది భార్య. గొంతు తేలికపడింది.

"అవునూ, పరీక్ష ఎలా రాశావ్?"

"ఇప్పటిదాకా నాకే గుర్తులేదండీ... బాగానే రాశాను. వాడేం చేస్తున్నాడు?"

"నా భుజమ్మీద నిద్రపోతున్నాడు" అన్నాడు కండక్టరు గొంతు తగ్గించి, వరండాలో బల్ల మీద మెల్లగా కూలబడుతూ.