అల్లుడి ముఖం

సెలూన్ కుర్చీలో కూర్చున్నవాళ్ళు కత్తెర చప్పుడు కన్నా ఎక్కువగా వినేది ఆయన మాటలే కాబట్టి వీధి వీధంతా ఆయన్ని కబుర్లాయన అనే పిలిచేది. మెడ మీద కత్తి ఆనించినప్పుడు ఎవర్నీ నవ్వించకూడదన్న ఇంగితం ఉన్నా నోరు ఊరుకునేది కాదు. అలాంటి మనిషి, అత్తగారు ఇంట్లో మకాం పెట్టిన కొద్ది నెలలకే ముఖం గంటు పెట్టుకుని కూర్చుంటే ఏ భార్యయినా ఏమనుకుంటుంది?

ఆమె కూడా అదే అనుకుంది. తల్లిని తెచ్చిపెట్టుకున్నది తనే. ఆవిడా తక్కువ మాటకారి కాదు. మొదట్లో అత్తా అల్లుడూ ఒకచోట చేరితే నవ్వులతో ఇల్లు ఎగిరిపోయేది. రానురాను ఆవిడ ఎన్ని చమత్కారాలాడినా అల్లుడి ముఖంలో చలనం లేదు. రెప్ప వెయ్యకుండా చూసేవాడు. ఏదైనా అడిగితే గొణిగేవాడు. "ఏమైందండీ?" అంటే "ఏం కాలేదే" అనేవాడు, అదీ గోడకి చెప్పినట్టు.

"నేనుండటం ఆయనకి బరువైనట్టుందే," అంది తల్లి ఒకసారి. ఆమె కాదనలేకపోయింది.

గుర్తులు ఇంకా చాలా ఉన్నాయి. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కమురు వాసన కొడుతున్నా కబుర్లాయన పక్కగదిలో తాపీగా పేపరు చదువుకునేవాడు. పట్టనితనం, అనుకుంది ఆమె. నడుస్తుంటే కుడిచెయ్యి ఊగేది కాదు. భుజం పట్టేసిందంటే నూనె రాసింది, రాస్తున్నంతసేపూ సణిగింది. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి యుగం పడితే బద్ధకమని తేల్చేసింది. అన్నిటికీ ఆమె దగ్గర ఒకటే జవాబు: అమ్మ ఉండటం ఈయనకి ఇష్టం లేదు. ఒక జవాబు దొరికాక రెండోది వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది?

మింగలేక కక్కలేక ఒక సాయంత్రం తల్లి మీదే విరుచుకుపడింది. "అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోమ్మా. రోజూ ఈ నరకం నావల్ల కాదు." తల్లి బట్టలు సర్దుకుంది. కబుర్లాయన గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. అప్పుడూ ఆ ముఖంలో ఏమీ కనబడలేదు.

అత్తగారు వెళ్ళాకైనా ముఖం విచ్చుకుంటుందనుకుంది. విచ్చుకోలేదు సరికదా, ఒళ్ళో ఊరికే పెట్టుకున్న చెయ్యి దానంతటది వణకడం మొదలుపెట్టింది. గడ్డం గీయించుకునేవాళ్ళు ఆ చేతిలో కత్తి చూసి వేరే సెలూన్లకి మళ్ళారు. అప్పుడు గానీ నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు.

డాక్టరమ్మ వయసులో చిన్నదే. బొటనవేలికి చూపుడువేలు తాటించమంది. తాటించేకొద్దీ ఆ కదలిక చిన్నదైపోయింది. మణికట్టు పట్టుకుని ఆడించి చూసింది. వరండాలో నడిపించింది. వెనక్కి తిరగడానికి ఆయన ఉన్నచోటే ఎన్నో చిన్న చిన్న అడుగులు వేశాడు.

"స్కాన్ తియ్యరా?" అని అడిగింది ఆమె.

"ఇది ముఖ్యంగా మనిషిని చూసి పోల్చుకునే జబ్బండీ. పార్కిన్సన్స్ అంటారు," అని డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది. "ఏదీ, ఒకసారి నవ్వండి."

"నవ్వుతూనే ఉన్నానండీ," అన్నాడాయన.

డాక్టరమ్మ నెమ్మదిగా వివరించింది. ముఖం బిగుసుకుపోతుందట. లోపల నవ్వుతున్నా ఏడుస్తున్నా పైకి తెలియదట. గొంతు సన్నబడటం, వాసనలు తెలియకపోవడం వణుకు కన్నా ముందే రావచ్చట. జబ్బు పూర్తిగా పోదు. మాత్రలు వేళ తప్పకుండా వేసుకోవాలి, వ్యాయామం మానకూడదు.

దారిలో ఆయన అన్నాడు, "మీ అమ్మ మాటలకి నేనెంత నవ్వుకునేవాణ్ణో. ఆవిణ్ణెందుకు పంపేశావే? తల్లీకూతుళ్ళ గొడవలో నేను తలదూర్చడం దేనికని ఊరుకున్నా."

ఆమె నడిరోడ్డు మీద భోరుమంది.

మాత్రలు పనిచేశాయి, వాటికిష్టమైనంతసేపు. వేసుకున్న కాసేపటికి చెయ్యి కుదుటపడేది, ముఖం కాస్త కదిలేది. తర్వాతి మాత్ర వేళయ్యేసరికి మళ్ళీ మామూలే. ఆమె ఆ వేళలన్నీ కంఠతా పట్టింది. ఆయన ముఖం బాగా తేటపడే సమయానికి అన్నయ్య ఇంటికి చేరేలా చూసుకుని ఆయన్ని బయల్దేరదీసింది. అమ్మ ఆ నవ్వు ఒక్కసారి చూస్తే చాలు, వెనకాలే వచ్చేస్తుందని ఆశ.

తీరా వెళ్తే తల్లి గదిలోంచి రాలేదు. స్నానం చేసి వస్తారంది వదిన. కాసేపాగి, జడ వేసుకుంటున్నారంది. పొమ్మన్న కూతురు పిలవగానే పరిగెత్తుకు రావాలా అని ఆవిడ పంతం. ఈలోగా కబుర్లాయన వదినకి ఏదో కబురు చెప్పి నవ్వాడు కూడా. ఆమె ఒకసారి గది తలుపు వంక, ఒకసారి ఆయన వంక చూస్తూ కూర్చుంది. చూస్తుండగానే ఆ పెదవులు బిగిశాయి. చెయ్యి వణకసాగింది. వేళ కాగానే మాత్ర వేసింది గానీ అది పనిచెయ్యడానికి ఇంకా సమయం పడుతుంది.

అప్పుడు వచ్చింది తల్లి.

"అత్తయ్యా, ఇంటికి రండి," అన్నాడాయన. గొంతు సరిగ్గా పెగల్లేదు. ముఖం మొద్దుబారి ఉంది. ఆవిడ ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది.

"ఆయనకి నీ మీద ఏమీ లేదమ్మా," అంది ఆమె కంగారుగా. "అది జబ్బు. డాక్టరమ్మే చెప్పింది. పైకి కనబడదంతే, లోపల నవ్వుతున్నారు."

తల్లి వచ్చి అల్లుడి పక్కన కూర్చుని, వణుకుతున్న చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. "మిమ్మల్ని అపార్థం చేసుకున్నాను బాబూ," అంది. ఆవిడ కళ్ళు తడిశాయి.

ఆమెకు ప్రాణం లేచివచ్చింది. "అయితే నీ బట్టలు సర్దనా అమ్మా?"

తల్లి తలెత్తి కూతుర్ని చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు.

"ఆయనకి జబ్బు చేసింది, సరే. నన్ను పొమ్మన్నది నువ్వు కదే. నీకు ఏ జబ్బూ లేదు."